మిర్చి, పత్తి ఎగుమతుల్లో ఫ్రెంచి పదజాలం

గుంటూరు, ప్రకాశం మైదానాల మిర్చి, పత్తి, వాటితో పాటు ఇక్కడి కారాలు, పచ్చళ్లు ఫ్రెంచి వాడుకలో ఉన్న దేశాలకు వెళ్లాలంటే ప్యాకెట్ల మీద, వ్యాపార పత్రాల్లో ఉన్న ఇంగ్లీషు మాటలకు ఫ్రెంచి మాటలు కావాలి. కెనడాలో చిల్లర అమ్మకపు ఆహార ప్యాకెట్ల మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషు, ఫ్రెంచి రెండింటిలోనూ ఉండాలి. క్యూబెక్ రాష్ట్రంలో 1977 నాటి భాషా చట్టం ఫ్రెంచికి ఇంకా గట్టి స్థానం ఇచ్చింది. ఫ్రాన్సులో 1994 నాటి తూబోఁ చట్టం లేబుల్‌పై ఫ్రెంచి ఉండాలంటుంది. (ఫ్రెంచి ముక్కు పలుకులకు తెలుగులో మూలనపడ్డ అరసున్న చక్కగా సరిపోతుంది. ఈ వ్యాసంలో అదే వాడాం.)

ఈ నేలకు ఫ్రెంచి పూర్తిగా కొత్త కాదు. 1750లలో ఫ్రెంచి సేనాని బుస్సీ కాలాన కొండవీడు సీమ, మచిలీపట్నం ఫ్రెంచివారి చేతుల్లో ఉండేవి. 1759లో ఇంగ్లీషువారు మచిలీపట్నం పట్టుకున్నాక ఆ పెత్తనం పోయింది. ఫ్రెంచి స్థావరంగా యానాం మాత్రం 1954 దాకా నిలిచింది. నేటి అవసరం ఆ చరిత్ర నుంచి వచ్చింది కాదు, సరుకు వెంట వచ్చింది.

అన్నిటికన్నా ఎక్కువ చిక్కు మిర్చి దగ్గరే. ఇంగ్లీషులో 'పెప్పర్' అన్న ఒక్క మాట మిరియానికీ, మిరపకాయకూ, కూర వండుకునే క్యాప్సికానికీ చెల్లుతుంది. ఫ్రెంచిలో ఆ మూడూ వేరు: మిరియం 'ప్వావ్ర్', మిరప 'పిమాఁ', క్యాప్సికం 'ప్వావ్రోఁ'. చిల్లీ ఫ్లేక్స్ ప్యాకెట్ మీద ఇంగ్లీషులో 'రెడ్ పెప్పర్' అని ఉంటే, ఆ రెండు మాటల్నే చూసి అనువదించేవారు మిరపను మిరియంగానో క్యాప్సికంగానో మార్చేస్తారు. తెలుగువారికి ఈ తికమక లేదు. మన దగ్గరా మూడింటికీ మూడు పేర్లున్నాయి. అందుకే ఇంగ్లీషు లేబుల్ పట్టుకుని కూర్చోకుండా, సంచిలో ఏముందో తెలుగులో తేల్చుకుని అక్కణ్నుంచి నేరుగా ఫ్రెంచికి పోవడమే సరైన దారి. ఒక్క జాగ్రత్త: క్యూబెక్ వాడుకలో క్యాప్సికాన్ని కూడా 'పిమాఁ' అనడం కద్దు. అక్కడికి పంపే సరుకు మీద 'పిమాఁ ఫోర్' అని, అంటే ఘాటు మిరప అని, రాస్తే సందేహం ఉండదు.

కారం సంగతి మరొకటి. ఉత్తర అమెరికాలో 'చిలీ పౌడర్' అంటే తరచుగా జీలకర్ర, వెల్లుల్లి, ఒరెగానో కలిపిన మసాలా. గుంటూరు కారంలో మిర్చి తప్ప మరేమీ లేనప్పుడు 'పిమాఁ ములూ', అంటే పొడి చేసిన మిరప, అన్నదే నిజమైన పేరు. ఎల్‌సీఏ 334 వంటి లాం పరిశోధన కేంద్రపు రకాల పేర్లను, భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం పేరును అనువదించకూడదు. అవి ఏ భాషలోనైనా అలాగే ఉండాలి.

రంగు విషయంలో మాత్రం తెలుగు మనకు సాయపడదు. మనకు కాయ రంగూ రంగే, కలిపిన రంగూ రంగే. ఇంగ్లీషులో 'కలర్' కూడా అంతే. ఫ్రెంచిలో వస్తువుకు సహజంగా ఉన్నది 'కులర్', బయటి నుంచి కలిపింది 'కొలొరాఁ'. ఇది చిన్న తేడా కాదు. 2003 మే నెలలో భారత్ నుంచి వెళ్లిన మిర్చి ఉత్పత్తుల్లో సుడాన్ రెడ్ అనే నిషిద్ధ రంగు ఉందని ఐరోపా దేశాలను హెచ్చరించింది ఫ్రాన్సే. తర్వాత ఆ జూన్‌లోనే యూరోపియన్ కమిషన్ దిగుమతులకు పరీక్ష పత్రాలు తప్పనిసరి చేసింది. రంగు కలపలేదని చెప్పదలచిన లేబుల్ మీద 'కొలొరాఁ' అన్న మాటే ఉండాలి.

పచ్చళ్లకు ఇంగ్లీషు 'పికిల్' పెద్ద అడ్డంకి. దానికి నిఘంటువు చూపే 'కోర్నిషోఁ' వెనిగర్‌లో ఊరిన చిన్న దోసకాయ. మన దేశపు పచ్చడికి ఫ్రెంచిలో 'అషార్' అనే మాట ఉంది, మన అచార్‌కు చుట్టమే. మారిషస్, రీయూనియన్ దీవుల్లో అది ఇంటి మాట. మారిషస్‌లో తరాలుగా తెలుగువారున్నారు కాబట్టి ఆవకాయకు ఆ పేరు ఇంకా బాగా నప్పుతుంది. పేరు కన్నా ముఖ్యమైనది ఎలర్జీ వివరం. కెనడాలో ఆవాలు కూడా 2012 నుంచి తప్పక ప్రకటించవలసిన ఎలర్జీ కారకాల్లో చేరాయి. ఆవకాయ లేబుల్ మీద 'ముతార్ద్' (ఆవాలు), నువ్వుల నూనె వాడితే 'సెజామ్', వేరుశెనగ ఉంటే 'అరషీద్' కనబడాలి. ఈ ఒక్క వరుస తప్పితే ఒకరి ప్రాణం మీదికి రావచ్చు.

గడువు తేదీకి కెనడాలో రెండు భాషలకూ పనికొచ్చే రెండక్షరాల నెల గుర్తులున్నాయి. మార్చికి ఎం.ఆర్., మేకు ఎం.ఎ. మార్చి అనుకుని ఎం.ఎ. అచ్చు వేస్తే గడువు రెండు నెలలు జరిగిపోతుంది.

పత్తి మాటలు తక్కువే గానీ మోసం చేస్తాయి. 'సీడ్ కాటన్' అంటే రైతు అమ్మే గింజ పత్తి. మాలి, బెనిన్, బుర్కినా ఫాసో రైతుల ఫ్రెంచిలో అది 'కొతోఁ గ్రెన్'. 'కాటన్ సీడ్' మాత్రం నూనె మిల్లుకు పోయే గింజ, 'గ్రెన్ ద కొతోఁ'. పదాల వరుస తిరగబడితే ఒప్పందంలో సరుకే మారిపోతుంది. జిన్నింగ్‌ను 'ఎగ్రనాజ్', గింజ ఊడదీయడం, అంటారు. పింజ పొడవు చెప్పే 'స్టేపుల్' దగ్గర అనువాద యంత్రాలూ తడబడతాయి. కాగితాలకు కొట్టే పిన్నుకు ఫ్రెంచి మాట 'అగ్రాఫ్', పత్తి పింజకు 'స్వా', అక్షరాలా పట్టు అని అర్థం. పొడుగు పింజ పత్తి ఫ్రెంచి బేరగాడికి 'లోఁగ్ స్వా'.