ఉన్నదున్నట్లు వినిపించు పెట్టె: స్టూడియో మానిటరు చరిత్ర

గ్రామఫోను, రేడియో, సినిమా అను మూడింటిని గూర్చి తెలుగువారు వ్రాసికొన్నది చాల కలదు. పాడినవారి పేర్లు, బాణీలు కట్టినవారి పేర్లు, మాటలు కూర్చినవారి పేర్లు మన యిండ్లలో పిల్లలకు సయితము నోటికి వచ్చును. కాని ఆ పాట ఫిల్ము మీదికో పళ్ళెము మీదికో ఎక్కుటకు ముందు, ఒక మూసిన గదిలో కూర్చుండి, ఇది సరిగా వచ్చినది, ఇది రాలేదు అని తేల్చిన మనుష్యుని యెదుట ఒక లౌడుస్పీకరు ఉండెను. దానిని గూర్చి తెలుగున వ్రాసినది మా కంటబడలేదు. దానికి స్టూడియో మానిటరు అని పేరు. ఇంటిలో పాట వినుటకు కొనితెచ్చుకొను స్పీకరునకును దీనికిని రూపమున భేదము స్వల్పము. ధర్మమున భేదము చాల పెద్దది. ఇంటి స్పీకరు వినువానిని సంతోషపెట్టిన చాలును. మానిటరు తీర్పు చెప్పవలసినవానికి నిజము చెప్పవలెను.

మేము మెట్రిక్యులేషను వఱకు చదివి, ముప్పది యేండ్లకు పైగా రిజిస్ట్రేషను కచ్చేరిలో గుమాస్తాపని చేసినవారము. అక్కడ దస్తావేజునకు నకలు వ్రాయువాడొకడు, దానిని అసలుతో సరిచూచువాడింకొకడు. సరిచూచువానికి దస్తూరి అందముతో పనిలేదు. అసలులో తప్పుండిన ఆ తప్పుతోనే నకలు ఉండవలెను. అతడు దయతలచి ఒక్క అక్షరము దిద్దెనా, యాభై యేండ్లకు ఒక కుటుంబము కోర్టుల చుట్టు తిరుగవలసివచ్చును. మానిటరు పనియు సరిగా ఇట్టిదే. గాయకుని గొంతు బొంగురుపోయిన బొంగురుగానే, మృదంగపు తొప్పి వదులైన వదులుగానే వినిపింపవలెను. అది బాగుచేసి వినిపించిన యెడల, బాగుచేయవలసినది బాగుచేయబడక లోకములోనికి పోవును.

మొదటి కాలమున ఇట్టి సాక్షి యేదియు లేదు. 1902వ సంవత్సరమున కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను గ్రామఫోను కంపెనీవారు పట్టినపుడు విద్యుత్తు లేదు. ఒక పెద్ద గొట్టములోనికి పాడుట, గొట్టపు కొననున్న సూది మైనముపై గీత గీయుట, అంతియే. ఆ మైనమును తిరిగి వాయించి చూచిన గీత చెడును. కావున పాట యెట్లు వచ్చినదో పళ్ళెములు జర్మనీదేశమున హానోవరులో అచ్చై, ఓడలో తిరిగివచ్చిన పిదపగాని తెలియకుండెను. 1925లో మైక్రోఫోనుతో రికార్డు చేయు విద్యుత్పద్ధతి అమెరికాలో వ్యాపారమునకు వచ్చెను. అదే సంవత్సరమున జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అను నిద్దరు ఇంజనీర్లు కాగితపు గరాటునకు తీగచుట్టను తగిలించి, దానిని అయస్కాంతపు నడుమ ఆడించు లౌడుస్పీకరును గూర్చి తమ పత్రమును ప్రకటించిరి. నేడు మన యింట టెలివిజనులో, కారులో, గుడి మైకులో పలుకుచున్నది చాలవఱకు ఆ తీగచుట్ట సంతతియే. దీనితో, పాట పాడుచుండగనే ప్రక్కగదిలో వినుటకు వీలు కలిగెను.

అటుపై మాటలాడు సినిమా వచ్చెను. పెద్ద హాలులో వేయిమందికి వినబడవలెనన్న గట్టి స్పీకరు కావలెను, గట్టిగా పలికిన మాట స్పష్టత చెడును. మెట్రో గోల్డ్విన్ మేయర్ కంపెనీ ధ్వనిశాఖాధిపతియగు డగ్లస్ షియరర్ ఆధ్వర్యమున మంద్రస్వరములకొక కొమ్ము, పైస్వరములకొక కొమ్ము గల జంట స్పీకరు తయారయ్యెను. అంతకు మునుపటి జంటలలో ఒక కొమ్ము గొట్టము మిక్కిలి పొడవగుటచే రెండింటి ధ్వని ఒకేసారి చెవికి చేరకుండెననియు, నర్తకి పాదతాడనము ఒక్కటే రెండుగా వినబడెననియు చెప్పుదురు. షియరర్ బృందమువారు ఆ దారుల పొడవును సరిచేసిరి. 1936వ సంవత్సరపు కృషికిగాను వారికి అకాడమీ శాస్త్రసాంకేతిక బహుమతి లభించెను. ఆ పనిలో పాలుపంచుకొన్న జేమ్స్ లాన్సింగ్ కంపెనీ 1941లో ఆల్టెక్ కంపెనీలో కలిసెను. వారు 1940ల దశకమున తెచ్చిన 604 అను స్పీకరులో పదునైదంగుళముల గరాటు నడుమనే చిన్న కొమ్మును అమర్చిరి. రెండు ధ్వనులును ఒక్క చోటినుండియే వచ్చును. అమెరికా స్టూడియోలలో అది పెక్కేండ్లు న్యాయాసనమున కూర్చుండెను.

మన సంగతికి వత్తము. తొలి తెలుగు మాటలచిత్రము భక్తప్రహ్లాద 1932లో విడుదలయ్యెను. పిదప చెన్నపట్టణమే దశాబ్దములపాటు తెలుగు చిత్రములకు పుట్టినిల్లు. 1948లో వాహినీ స్టూడియో వెలసెను. ఆ దినములలో పాటను ముక్కముక్కగా పట్టు వసతి లేదు. గాయకులు, వాద్యబృందము ఒకే హాలులో నిలిచి ఒకేసారి పాడి వాయించిన, అద్దము వెనుకనున్న శబ్దగ్రాహకుడు అప్పటికప్పుడు వీణ యెంత, తబలా యెంత, గొంతు యెంత అని పాళ్ళు కలిపి ఒకే గీతగా పట్టవలెను. తరువాత విడదీయుట యెవరి తరమును కాదు. వాని చేతిలో మీటలున్నను, నమ్మవలసినది మాత్రము యెదుటి లౌడుస్పీకరునే. నేటికిని ఆ పాటలలో ప్రతి యక్షరము విస్పష్టముగా వినబడుచున్నదన్న గాయకులకు మ్రొక్కిన చేతులతోనే ఆ శబ్దగ్రాహకులకును మ్రొక్కవలెనని మా తలంపు.

ఈ విద్యను శాస్త్రముగా నెలకొల్పినవారిలో ఇంగ్లండులోని బి.బి.సి. పరిశోధనశాఖవారు ముఖ్యులు. వారి పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. స్టూడియోలో ఒక మనిషిని మాటలాడించుట. ప్రక్కగదిలో మానిటరున ఆ మాట వినుట. వెంటనే లేచి స్టూడియోలోనికి పోయి ఆ మనిషి గొంతును నేరుగా వినుట. మరల తిరిగివచ్చి మానిటరు వినుట. ఎంత గొప్ప వాద్యబృందమైనను మనుష్యుని మాట వలె పట్టియియ్యదు. ఏలనన, పుట్టినది మొదలు మనము విన్న ధ్వని అదియే. షార్టర్, హార్వుడ్ అను ఇంజనీర్లు కొలమానములతో ఒకవైపు, ఈ చెవిపరీక్షతో ఒకవైపు పని నడపిరి. కాగితపు గరాటు ఒకటివలె ఒకటి ఉండదని, 1960ల దశకమున బెక్స్ట్రీన్ అను ప్లాస్టిక్కు గరాటులను వాడజొచ్చిరి.

వారి కృషిలో పేరుపడ్డది ఎల్.ఎస్. 3/5ఎ అను చిన్న పెట్టె. దీని పుట్టుక వింతయైనది. పెద్ద సంగీతశాలలకు చిన్న నమూనాలు కట్టి, వానిలో ధ్వని యెట్లు మెలగునో పరీక్షించుటకై ఒక బుల్లి స్పీకరు కావలసివచ్చెను. చేసి విన్న పిమ్మట, ఇది యింత నిజముగా పలుకుచున్నదే, బయటి కార్యక్రమములకు పోవు ఇరుకు వ్యానులో పెట్టుకొనరాదా అని తోచెను. 1970ల నడుమ స్థిరరూపము పొందిన ఆ పెట్టె యెత్తు 30 సెంటీమీటర్లు, వెడల్పు 19, లోతు 16. మన యింటి పోపులపెట్టెకు కొంచెము పెద్దది. అంత చిన్నదానిలో మిక్కిలి మంద్రమైన స్వరములు పలుకవు. ఆ లోటు తెలియకుండుటకు కొంచెము పైనున్న మంద్రమును రవంత ఎత్తి చూపునట్లు అమర్చిరి. సత్యవ్రతుడు కూడ పేదరికము కప్పుకొనుటకు ఉత్తరీయము సర్దుకొన్నట్లు! కాని మనుష్యుని గొంతు విషయమున దానిని మించినది అరుదని నేటికిని చెప్పుదురు.

దీనికి విరుద్ధమైన కథ జపానుదేశపు యమాహా కంపెనీవారి ఎన్.ఎస్. 10. అది 1978లో ఇండ్లలో పాట వినువారికొఱకు వచ్చినది. తెల్లని కాగితపు గరాటు, నల్లని చెక్కపెట్టె. కొన్నవారు మెచ్చలేదు. మంద్రము చాలదు, నడిమి స్వరములు ముందుకు దూకును, పైస్వరములు చెవికి గుచ్చుకొనును. ఇండ్లలో ఆదరణ లేని ఆ బిడ్డను స్టూడియోవారు దత్తు తీసికొనిరి. బాబ్ క్లియర్మౌంటెన్ అను అమెరికను ఇంజనీరు వాడుటచే అది వ్యాపించెనని ప్రతీతి. 1980ల దశకమున మిక్సింగు బల్లమీద ఆ తెల్ల గరాటుల జత లేని పెద్ద స్టూడియో అరుదయ్యెను. పైస్వరముల పదును తాళలేక కొందరు ఆ చిన్న స్పీకరుమీద పలుచని టిష్యూ కాగితము అంటించిరి. ఏ కంపెనీ కాగితము, ఎన్ని పొరలు అని వాదించుకొని, కొలతలు తీసి పత్రికలలో ప్రకటించువఱకు వచ్చినది వ్యవహారము! 1987లో కంపెనీవారే ఆ పదును తగ్గించి స్టూడియోలకని వేఱొక రూపము తెచ్చిరి.

కొలమానమున ఇంత వంకరగా నున్నదానిని సత్యసంధుడని యేల నమ్మిరి? 2001లో ఇంగ్లండులోని పరిశోధకులు పెక్కు మానిటర్లతో సరిపోల్చి దీనికి కొంత సమాధానము చెప్పిరి. దాని పెట్టెకు రంధ్రము లేదు. అందుచే మృదంగముపై దెబ్బ పడగనే పలికి, దెబ్బ ఆగగనే తానును ఆగును. రంధ్రము గల పెక్కు పెట్టెలు మంద్రమును ఎక్కువ పలికించును గాని, దెబ్బ ముగిసిన పిదపను కొంతసేపు గొణుగుచుండును. కావున నిజమనగా స్వరముల పాళ్ళు మాత్రమే కాదు, కాలము కూడనన్నమాట. ఆ 2001లోనే, గరాటునకు కావలసిన కాగితపు గుజ్జు దొరకక దాని తయారీ నిలిచిపోయినది.

ఫిన్లండులో 1978లో స్థాపితమైన జెనెలెక్ మొదలగు కంపెనీలు ప్రతి గరాటునకు వేరువేరుగా ఆంప్లిఫయరును పెట్టెలోనే అమర్చి పనిని సులభము చేసినవి. నేటి స్టూడియోలలో ఈ విధమే హెచ్చు.

కాని పెట్టె యెంత మంచిదైనను గది దానిని అబద్ధికునిగా చేయగలదు. 3.4 మీటర్ల పొడవు గల గదిలో సెకనుకు సుమారు 50 కంపనములు గల మంద్రస్వరము రెండు గోడలనడుమ చిక్కుకొని నిలుచును. గోడకు ఆని కూర్చున్నవానికి అది ఉరుమువలె వినబడును. నట్టనడుమ కూర్చున్నవానికి దాదాపు వినబడనే వినబడదు. ఇద్దరు విన్నదియు ఒకే పాట. అట్లే స్వరపు హెచ్చుతగ్గులు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అను వారు కొలిచి చూపినట్లు, ధ్వని తగ్గించినకొలది మన చెవికి మంద్రము ముందుగా జారిపోవును. అందుచే తీర్పు చెప్పువాడు దినదినము ఒకే మోతాదులో వినవలెను.

ఇంత విషయము ఈ సంచికలో మేమేల యెత్తితిమనగా, మన సంఘమున ఒక పని నడచుచున్నది. నాయకరాజుల కాలముననో, అంతకు మునుపో ఈ తమిళదేశమునకు వచ్చి స్థిరపడిన మన కుటుంబముల ముదుసలి ఆడవారి పాటలు, అప్పగింతలు, లాలిపాటలు, దంపుళ్ళ పాటలు 1980ల దశకమున కొందరు ఉత్సాహవంతులు ఇరువది నాలుగు క్యాసెట్లలో పట్టియుంచిరి. పాడినవారిలో ఒక్కరును నేడు లేరు. మన పిల్లలు తమిళ లిపిలో చదువుకొన్నవారు. తెలుగున 'చిలుక' అనునపుడు చకారము వేఱు, 'ౘాలు' అనునపుడు ౘకారము వేఱు. మొదటిది తాలవ్యము, రెండవది దంత్యము. ఈ తేడా మన పెద్దల నోట నిలిచియుండెనా, తమిళము నడుమ కరగిపోయెనా? తేల్చుటకు ఆ టేపులే సాక్ష్యము. దంత్య ౘకారపు ఒరపిడి సెకనుకు నాలుగైదువేల కంపనములకు పైభాగముననే యెక్కువగా నుండును. అచ్చులన్నియు చాల క్రిందనుండును.

మొదట రెండు క్యాసెట్లను నగరమున ఒక స్టూడియోవారికిచ్చితిమి. వారి స్పీకర్లు పైస్వరములను పెంచి చూపునవి. టేపు రొద వానిలో అతిగా వినబడుటచే, దానిని అణచుటకై వారు ఐదువేల పైభాగమంతయు కోసివేసిరి. రొద పోయినది నిజమే. కాని ఆ తల్లులు నోటికి కొంగు అడ్డము పెట్టుకొని పాడినట్లున్నది. చ, ౘ, స, శ అన్నియు ఒక్కటే. వారు మర్యాదగనే సొమ్ములో సగము తిరిగియిచ్చిరి. అసలు టేపులు భద్రముగా నుండుట మన అదృష్టము.

పిదప సంఘభవనపు మేడగదిలోనే ఈ పని పెట్టుకొంటిమి. మధ్యరకపు మానిటర్ల జత ఒకటి కొంటిమి. మూలలనుండి వానిని ఈవలికి జరిపి, వినువాని తలయు రెండు పెట్టెలును సమభుజత్రిభుజముగా నుండునట్లు కొలిచి పెట్టితిమి. గోడలకు పాత దూదిపరుపులు వ్రేలాడదీసితిమి. యంత్రజ్ఞానము గల ఒక యువకుడు మీటలు చూచుచున్నాడు. ఎనుబదియేండ్ల ఒక పెద్దమ్మగారు ప్రక్కన కూర్చుండి మాటలు వినిపెట్టుచున్నారు. బి.బి.సి. వారి పద్ధతిని జ్ఞప్తి తెచ్చుకొని, మొదట ఆమెచేతనే ఒక లాలిపాట పాడించి పట్టి, మానిటరున వినిపించి, మరల ఆమె గొంతు నేరుగా విని సరిచూచితిమి. "ఇది నా గొంతే గాని, మా అమ్మ గొంతువలె నున్నదేమిరా అబ్బాయీ?" అని ఆమె యడిగిరి. రొదను తగ్గించుట అటుంచి, మొదట ఉన్నదున్నట్లు ఒక ప్రతి తీసి దాచుచున్నాము.

ఇప్పటికి తొమ్మిది క్యాసెట్లు ముగిసినవి. ఒక దంపుళ్ళ పాటలో రోకటిపోటుల నడుమ 'ౘాలు' అన్న మాట వచ్చినచోట, ముగ్గురము విడివిడిగా విని దంత్యమే అని వ్రాసితిమి. మఱియొకరి నోట అదే మాట తాలవ్యముగా వినబడినది. మిగిలిన పదునైదింటిలో రెండింటికి బూజు పట్టినది. వానిని ముందుగా ఎత్తుకొనుచున్నాము.