రడ్డర్ పెడళ్ల మీద పాదం

చిన్న విమానం ముక్కును కుడికో ఎడమకో తిప్పేది తోక చివర నిలువుగా ఉండే రడ్డర్. దాన్ని కదిలించేవి పైలట్ కాళ్లు. అయితే పాదం ఎక్కడ ఆనాలన్న నియమం విమానంతో పాటే పుట్టలేదు. బ్రేకులు పెడళ్ల మీదికి ఎక్కాకే అది పెద్ద పాఠమైంది.

1903లో ఎగిరిన రైట్ సోదరుల విమానంలో కాళ్లకు పనే లేదు. పైలట్ బోర్లా పడుకుని నడుము పక్కకు జరిపితే రెక్కలు మెలితిరిగేవి, వాటితో పాటు రడ్డరూ కదిలేది. చేతికి కంట్రోల్ కర్ర, కాళ్లకు రడ్డర్ అన్న పద్ధతి ఫ్రాన్స్‌లో కుదురుకుంది. 1909 జులై 25న ఇంగ్లిష్ ఛానల్ దాటిన బ్లేరియో విమానంలో ఉన్నది అదే. అప్పట్లో పెడళ్లకు బదులు మధ్యలో ఇరుసు మీద తిరిగే అడ్డకమ్మీ ఉండేది. సైకిల్ హ్యాండిల్ ఎడమ కొసను ముందుకు నెడితే చక్రం కుడికి తిరుగుతుంది. ఇక్కడ ఎడమ కాలు నొక్కితే విమానం ఎడమకే పోతుంది. కొత్తవాళ్లు తికమకపడడంలో వింతేముంది? 1937లో ఎగిరిన అమెరికన్ ఎర్‌కూప్‌లోనైతే ఆ గొడవ లేకుండా పెడళ్లే తీసేశారు. కొన్నవాళ్లలో కొందరు తర్వాత మళ్లీ పెట్టించుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాద్‌లోని బేగంపేటలో వైమానిక శిక్షణ టైగర్ మాత్ అనే విమానాల మీద సాగింది. వాటికి బ్రేకుల్లేవు గనుక పాదం కాస్త పైకి జరిగినా ముప్పు లేదు. కాళ్లకు విశ్రాంతి మాత్రం ఉండదు: వాటి జిప్సీ మేజర్ ఇంజన్ తిరిగే దిశ వల్ల టేకాఫ్‌లో ముక్కు కుడికి లాగుతుంది, ఎడమ కాలితో ఆపాలి. తర్వాతి కాలంలో అక్కడి ఏవియేషన్ అకాడమీకి వచ్చిన సెస్నా విమానాల్లో ప్రొపెల్లర్ దానికి ఎదురు దిశలో తిరుగుతుంది. పని కుడి కాలిది.

పైపర్ కబ్ అనే చిన్న విమానంలో బ్రేకులు మడమల కింద ఉండేవి. సెస్నా 152, 172లలో అవి పెడల్ పైభాగంలోనే ఉన్నాయి. అందుకే మడమలు నేలకు ఆనించి, ముంగాలిని పెడల్ అడుగు భాగాన ఉంచమంటారు. దిగేటప్పుడు వేళ్లు పైకి తగిలి బ్రేకు పడితే టైరు ఒకచోటే అరిగిపోతుంది. ఒక్క వైపే పడితే విమానం రన్‌వే అంచుకు లాగేస్తుంది. వేగం తగ్గాక, బ్రేకు కావాలనుకున్నప్పుడే పాదం పైకి జరపాలి.

వీటన్నిటికంటే ముందు చూసుకోవలసింది సీటు. పెడల్‌ను చివరిదాకా నొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. టేకాఫ్‌లో సీటు వెనక్కి జారితే కాళ్లు అందవు. పట్టుకున్న కంట్రోల్ కూడా చేత్తో పాటు వెనక్కి వచ్చి ముక్కు పైకి లేస్తుంది. సెస్నా సీటు పట్టాలను తరచూ తనిఖీ చేయాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 1987లో ఆదేశించింది ఇందుకే.