మేరీ, డేవిడ్, నెల్లూరు తీరం

1955 జనవరిలో విడుదలైన ‘మిస్సమ్మ’లో కథానాయిక మేరీ క్రైస్తవ యువతి. చదువుకుంది, ఉద్యోగం వెతుక్కుంటుంది, ఎవరిచేతా మాట పడదు. మేరీమాతను వేడుకుంటూ తెర మీద పాట పాడుతుంది. పౌరాణికాలూ జానపదాలూ రాజ్యమేలుతున్న కాలంలో నాగిరెడ్డి, చక్రపాణి, ఎల్వీ ప్రసాద్ చేసిన ఈ పని చిన్నదేమీ కాదు. సావిత్రి ఆ పాత్రకు తెచ్చిన నిండుదనం ఇవాళ్టికీ తగ్గలేదు.

అందులోనే మరో క్రైస్తవుడు డేవిడ్. మేరీ ఇంటివాళ్లకు అప్పిచ్చి, ఆ వంకతో తనను పెళ్లాడమని వెంటపడే మనిషి. ఆ వేషం కట్టిన రమణారెడ్డిది నెల్లూరు జిల్లా జగదేవిపేట. అయితే నెల్లూరు తీరపు క్రైస్తవ పేటల పోలికలు మేరీలోనూ లేవు, డేవిడ్‌లోనూ లేవు.

ఆ పేటల కథ వేరు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరారు. ఏళ్లు గడిచినా మతం పుచ్చుకున్నవాళ్లు పిడికెడే. ఆ మిషన్ కేంద్రాన్ని మూసేద్దామన్న మాట అమెరికాలో పదేపదే వచ్చింది. పటంలో ఒంటరి చుక్కలా మిగిలిన ఆ కేంద్రానికి ‘లోన్ స్టార్’ అన్న పేరే స్థిరపడింది. 1865లో వచ్చిన మిషనరీ జాన్ క్లౌ మరుసటి ఏడు ఒంగోలుకు మారారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ, యర్రగుంట్ల పేరయ్య, తన మనుషుల మధ్య ఊరూరా తిరిగి బోధించాడు. క్లౌ కంటే ముందు ఆ గడపలు తొక్కింది ఆయనే.

తర్వాత 1876–78 కరువు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి చూపించారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు.

‘మిస్సమ్మ’ ఈ చరిత్ర జోలికి పోలేదు. మేరీ నిజానికి చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు బిడ్డ మహాలక్ష్మి అని చివర్లో తేలుతుంది. దాంతో హిందూ యువకుడితో పెళ్లికి అడ్డు తొలగిపోతుంది. ఆమె మేరీగానే ఉండి ఆ పెళ్లి చేసుకుంటే? ఆమె పుట్టింది మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో అయితే? అంత చక్కని సినిమా సరిగ్గా ఆ గుమ్మం దగ్గరే వెనుదిరగడం బాధ కలిగిస్తుంది.

ఎందుకంటే బయట ఆ ప్రశ్న చట్టంలోకి కూడా ఎక్కింది. 1950లో రాష్ట్రపతి జారీచేసిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు క్రైస్తవం పుచ్చుకున్న దళితులను ఆ జాబితాకు బయటే ఉంచింది. సిక్కు దళితులకు 1956లో, బౌద్ధులకు 1990లో చోటు దొరికింది. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం తీసుకున్న దళితులు నేటికీ బీసీ–సీ కిందే ఉన్నారు. రిజర్వేషన్లలో వాళ్ల వాటా 1 శాతం.