తెలుగునాట గ్రంథపాలకుల శిక్షణ, పరిశోధన, వృత్తి రచన

గ్రంథాలయ ఉద్యోగంలో కొత్తగా చేరినవారికి వర్గీకరణ, సూచీకరణ, పాఠకసేవ నేర్పడం, ఆ పని గురించి వారిచేత రాయించడం తెలుగు ప్రాంతంలో నూరేళ్ళకు పైబడిన వ్యవహారం. ఇందులో ముందడుగు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానిది, దాని పత్రికది. విశ్వవిద్యాలయాలు తరవాత వచ్చాయి. నేడు ఈ చదువుకు తెలిసిన చిరునామాల్లో ఒకటి హైదరాబాదులోని జూబ్లీహిల్స్.

ఆరంభ దశ

1914 ఏప్రిల్ 10న బెజవాడ (నేటి విజయవాడ) రామమోహన ధర్మపుస్తక భాండాగారంలో, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన, ఆంధ్రదేశంలోని గ్రంథ భాండాగారాల ప్రతినిధులు సమావేశమయ్యారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడే పుట్టింది. దేశంలో ఒక ప్రాంతం మొత్తానికి ఏర్పడిన గ్రంథాలయ సంఘాల్లో ఇదే మొదటిదని చరిత్రకారులు చెబుతారు. బెంగాలు సంఘం 1925లో, మద్రాసు సంఘం 1928లో వచ్చాయి. బెజవాడ సభ వెనక ఉన్న మనిషి అయ్యంకి వెంకటరమణయ్య (1890–1979). అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు కూడా నిండలేదు.

సంఘం చేసిన పనుల్లో ముందుచూపు గలది 'గ్రంథాలయ సర్వస్వం' పత్రిక. 1916 నాటికే అది వెలువడుతోంది. పల్లెటూరి పఠనమందిరంలో జీతం లేకుండా బీరువా తాళాలు మోసే యువకుడికి పక్క తాలూకాలో తనలాంటివాళ్ళు ఏం చేస్తున్నారో తెలిసేది ఇలాంటి పత్రికతోనే. కార్యకర్తలు ఊరూరా తిరిగిన గ్రంథాలయ యాత్రలు మరో బడి. ఏ ఊళ్ళో గ్రంథాలయం ఉంది, ఎలా నడుస్తోంది అని కళ్ళారా చూసి రావడం ఆ రోజుల్లో క్షేత్ర పరిశోధనే. అయ్యంకి 1924లో ఆంగ్లంలోనూ ఒక గ్రంథాలయ పత్రిక స్థాపించి తెలుగువారి అనుభవాన్ని బయటి రాష్ట్రాలకు చేరవేశారు. 1972లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

శిక్షణ విషయానికొస్తే, బరోడా సంస్థానంలో అమెరికా గ్రంథపాలకుడు విలియం బోర్డెన్ 1911లో తరగతులు మొదలుపెట్టాడు. లాహోరులో డికిన్సన్ 1915లో పాఠాలు చెప్పాడు. ఆ రెండు చోట్లా నేర్పినవారు విదేశీయులు, వెనక సంస్థానమో విశ్వవిద్యాలయమో ఉంది. 1920లో బెజవాడలో తరగతి పెట్టింది మాత్రం ప్రజల చందాలతో నడిచే సంఘం. గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం (1907–1987) 1934లో గ్రంథాలయ కార్యకర్తలకు శిక్షణ పాఠశాల నడిపారు. మరుసటి ఏడే ఆయన చొరవతో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువ మీద పుస్తకాల పడవ తిరిగింది. బడిలో చెప్పిన పాఠకసేవ కాలువ గట్టున కనిపించడం పెదపాలెం బృందపు ప్రత్యేకత. గ్రంథాలయోద్యమ నాయకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు పేరిట విజయవాడలో వెలసిన సర్వోత్తమ గ్రంథాలయం తరవాతి కాలంలో ఈ కృషికి కేంద్రమైంది.



విశ్వవిద్యాలయాలలో

మద్రాసులో ఎస్.ఆర్. రంగనాథన్ పూనికతో 1929లో మొదలైన పాఠశాల దక్షిణాదికి ఒరవడి దిద్దింది. గ్రంథాలయ శాస్త్రానికి ఆయన చెప్పిన పంచసూత్రాలు 1931లో, ఆయన కోలన్ వర్గీకరణ పద్ధతి 1933లో అచ్చయ్యాయి. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1935లో, సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా ఉన్న రోజుల్లో, గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా ప్రవేశపెట్టింది. ఉస్మానియాలో ఈ శాఖ 1959లో వచ్చింది. 1955 నాటి హైదరాబాదు చట్టం, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం జిల్లా గ్రంథాలయ సంస్థలకు, గ్రంథాలయ పన్నుకు దారి తీశాయి. సేవాభావంతో చేసిన పని నెలజీతపు ఉద్యోగమైంది, ఉద్యోగానికి సర్టిఫికెట్ అవసరమైంది.

దేశంలో ఈ శాస్త్రంలో తొలి పీహెచ్‌డీ 1957లో ఢిల్లీ విశ్వవిద్యాలయం డి.బి. కృష్ణారావుకు ఇచ్చింది. ఆ తరవాత దాదాపు ఇరవై ఏళ్ళపాటు రెండోది రాలేదు. పాఠ్యపుస్తకాలు ఆంగ్లంలోనే ఉన్న ఆ రోజుల్లో వెలగా వెంకటప్పయ్య (1932–2014) గ్రంథపాలకుడిగా పనిచేస్తూనే తెలుగులో గ్రంథాలయ శాస్త్ర గ్రంథాలు రాశారు.  ఉద్యోగంలో ఉండి రాయాలనుకునే యువ గ్రంథపాలకులకు చూపదగిన మేలైన ఉదాహరణ ఇదే.

జూబ్లీహిల్స్

సినిమావాళ్ళ ఇళ్ళకూ, ఫిల్మ్‌నగర్‌కూ పేరుపడిన ఈ ప్రాంతంలోనే డా. బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. జి. రాంరెడ్డి తొలి ఉపకులపతిగా 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, 1991లో ప్రస్తుత పేరు పొందింది. దేశంలో సార్వత్రిక విశ్వవిద్యాలయాల్లో ఇదే మొదటిది. ఇక్కడి బి.ఎల్.ఐ.ఎస్సీ., ఎం.ఎల్.ఐ.ఎస్సీ. కోర్సులు ఉద్యోగం వదలకుండా చదువుకునే వీలు కల్పించాయి. పాఠాలు పుస్తకరూపంలో ఇంటికి వస్తాయి, సందేహాలకు అధ్యయన కేంద్రాలున్నాయి. పెదపాలెంలో నేర్చుకోవాలంటే పెదపాలెం వెళ్ళక తప్పేది కాదు.

వర్తమానం

విశ్వవిద్యాలయంలో సహాయ గ్రంథపాలకుడి పోస్టుకు, కళాశాలలో గ్రంథపాలకుడి పోస్టుకు నేడు పీజీ పట్టాతో పాటు నెట్ అర్హత గాని, నిబంధనలకు లోబడిన పీహెచ్‌డీ గాని కావాలి. పదోన్నతికి పునశ్చరణ తరగతులు లెక్కకొస్తాయి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 1980ల చివర నెలకొల్పిన అకడమిక్ స్టాఫ్ కాలేజీలు, పేర్లు మారుతూ ఈ తరగతులు నడుపుతున్నాయి. 2010 నిబంధనలు ప్రచురణలకు మార్కులు కట్టడంతో వ్యాసాలు విపరీతంగా పెరిగాయి. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే పత్రికలూ పెరిగాయి. వాటిని అరికట్టడానికి 2018లో మొదలైన కేర్ అనే నమ్మదగిన పత్రికల జాబితాను యూజీసీ 2025లో ఎత్తివేసి, పత్రికల మంచిచెడ్డలు తేల్చుకునే బాధ్యతను విద్యాసంస్థలకే వదిలింది. సహజంగానే ఆ పని చాలాచోట్ల గ్రంథపాలకుడి బల్లమీదికి వస్తుంది. తన వ్యాసాన్ని ఎక్కడికి పంపాలో తేల్చుకోవలసిన కొత్త ఉద్యోగే అధ్యాపకులకు సలహా ఇవ్వవలసిన మనిషి కూడా. గ్రంథపాలకులు రాసే వ్యాసాల్లో ఎక్కువ భాగం ఆంగ్లంలోనే వస్తున్నాయి.