నెలకు 179 రూపాయలు

1978లో ఇందోర్‌లో షా బానోకు 62 ఏళ్లు. ఇంట్లోంచి వెళ్లగొట్టిన వకీలు భర్తను ఆమె అడిగింది మనోవర్తి. మేజిస్ట్రేటు నెలకు 25 రూపాయలన్నాడు. హైకోర్టు 179 రూపాయల 20 పైసలు చేసింది. 1985లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది.

మతం మునిగిందని మా పెద్దలు వీధికెక్కారు. మేమంతా అనాగరికులమని హిందూత్వవాదులు వేలెత్తారు. ఆ తీర్పు వద్దని ఆమె చేతే అనిపించారు. 1986 ఫిబ్రవరిలో బాబ్రీ మసీదు తాళాలు తెరుచుకున్నాయి. మేలో ముస్లిం మహిళల చట్టమొచ్చింది. అటొకటి, ఇటొకటి. ఆకలి మాత్రం ఆమెకే మిగిలింది.

విడాకులైన ముస్లిం స్త్రీకీ 125వ సెక్షను వర్తిస్తుందని 2024లో, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో, సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సొచ్చింది.

మా అస్తిత్వాన్ని మేం వదులుకోం. మా అమ్మీల కూడు తాకట్టుపెట్టి దాన్ని కాపాడుకోం.