గూగుల్ డ్యాన్స్

2000 దశకం తొలి ఏళ్లలో గూగుల్ తన సూచికను దాదాపు నెలకోసారి మార్చేది. ఆ రోజుల్లో ఒకే ప్రశ్నకు ఒక్కోసారి ఒక్కో ఫలితాల వరుస కనిపించేది. ఈ స్థితికి సైట్ల నిర్వాహకులు పెట్టుకున్న పేరే గూగుల్ డ్యాన్స్.

సూచిక ప్రతులు పలు డేటా సెంటర్లలో ఉండేవి. కొత్త సూచిక అన్నిచోట్లకూ ఒకేసారి చేరేది కాదు, కొన్ని రోజులు పట్టేది. వెతికేవారిని ఏ సెంటరుకు పంపాలో డీఎన్ఎస్ వ్యవస్థ నిర్ణయించేది కనుక, నిమిషాల తేడాతో అడిగినా ఒకసారి పాత వరుస, మరోసారి కొత్తది రావచ్చు. మొత్తం ఫలితాల సంఖ్య కూడా మారేది. అయితే అది ఎప్పుడూ అంచనాయే కాబట్టి ఆ తేడాను పట్టించుకోనక్కర్లేదు.

ప్రధాన చిరునామాతో పాటు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ2, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ3 అనే ప్రతిరూప చిరునామాలు ఉండేవి. కొత్త సూచిక తరచుగా ముందు వాటిలోనే కనిపించేది. అమ్మకాలన్నీ మొదటి పేజీ మీదే ఆధారపడ్డ వ్యాపారులు మూడింటినీ పక్కపక్కన తెరిచి తమ స్థానం పోల్చుకునేవారు. అయినా మార్పు ముగిసేదాకా ఆ స్థానం ఖాయం కాదు.

2003 వేసవిలో ఫ్రిట్జ్ అని పేరుపడ్డ మార్పుతో నెలవారీ పద్ధతి పోయి, సూచిక రోజూ కొంత కొంతగా మారసాగింది. 2010 జూన్‌లో పూర్తయిన కెఫీన్ వ్యవస్థ కొత్త పేజీలను దొరికిన వెంటనే సూచికలో చేర్చడం మొదలుపెట్టింది.