పథ్యం పేరుతో పస్తు

పిల్లాడికి జ్వరమొస్తే అన్నం బంద్. విరేచనాలైతే పాలు బంద్, నీళ్లు కూడా బంద్. తట్టు పోస్తే నూనె, పోపు, గుడ్డు, మాంసం ఇంటి ఛాయలకే రాకూడదు. గడపకు వేపమండ కట్టి, పిల్లను చీకటి గదిలో పడుకోబెట్టాలి. దగ్గుంటే అరటిపండు పడదు, పెరుగు పడదు. ఏడాది నిండని బిడ్డకు పప్పు పెడితే మందం చేస్తుంది. మా పాలమూరు పల్లెల్లో నేను ఉద్యోగంలో చేరిన ఎనభైల్లో, పసిపిల్లల పెంపకం గురించి పెద్దలు చెప్పే మాటల్లో ఎక్కువ భాగం ఇలా ‘పెట్టొద్దు’ అనేవే. అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యేదాకా నా పనిలో ముఖ్యమైనది ఆ ‘వద్దు’లను ఒక్కొక్కటే ‘పెట్టు’గా మార్పించడం. నా కళ్ల ముందు జరిగిన మార్పులన్నింటిలోకీ అదే పెద్దదని ఇప్పటికీ నమ్ముతాను. దానికో చరిత్ర ఉంది, అందులో మన హైదరాబాద్‌కు పెద్ద వాటా ఉంది. అది మన ఇళ్లలో తెలియవలసినంత తెలియలేదు.

‘లంఖణం పరమౌషధం’ అనని ముసలమ్మ ఊళ్లో ఉండేది కాదు. కొత్తగా వచ్చిన జ్వరానికి ఆయుర్వేదం లంఖణం చెప్పిన మాట నిజమే. అయితే పసివాళ్లను, గర్భిణులను, ముసలివాళ్లను, నీరసించినవాళ్లను ఆ గ్రంథాలే అందులోంచి మినహాయించాయి. లంఖణం తర్వాత పేలాల జావ, పల్చటి గంజి, చిక్కటి గంజి, పప్పుకట్టు అంటూ రోగిని మెల్లమెల్లగా తిండిలోకి తెమ్మన్నాయి. ఊళ్లోకి వచ్చేసరికి మినహాయింపులూ పోయాయి, ఆ వరసా పోయింది, లంఖణం ఒక్కటి నిలిచింది. ఎందుకలా అయిందో నేను చాలాకాలం ఆలోచించాను. తిండి తగ్గించమనే సలహాకు ఖర్చు లేదు, అది ఒక కారణం. రెండోది ఇంకా బలమైనది. పెట్టాక బిడ్డకు ఎక్కువైతే ఊరంతా తల్లిని అంటుంది. పెట్టక బిడ్డ చిక్కిపోతే తలరాత అంటుంది. అత్తగారి ఇంట్లో మాట పడకుండా బతకాలనుకునే పంతొమ్మిదేళ్ల పిల్ల ఏ దారి పడుతుంది?

ఆమెకు వేరే మాట చెప్పేవాళ్లు లేరా అంటే, 1928లో మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరి మొదలుపెట్టిన ‘గృహలక్ష్మి’ లాంటి స్త్రీల పత్రికలు ఉండేవి. అవి చదువు వచ్చిన ఇళ్లకే చేరాయి. చదువురాని తల్లికి ఉన్న నిపుణురాలు మంత్రసాని, ఆ తర్వాత అత్తగారు.

ఆ ‘వద్దు’లు మారిన అసలు కథ కూనూర్‌లో మొదలైంది. 1918లో నీలగిరి కొండల్లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి మీద పరిశోధనకు ఒక చిన్న ప్రయోగశాల పెట్టాడు. దేశంలో ఏ ప్రాంతం వాళ్లు ఏం తింటారో ఎలుకల గుంపులకు అదే పెట్టి చూశాడు. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు తిన్న ‘సిక్కు’ ఎలుకలు బలంగా పెరిగాయి. తెల్లన్నం మీద బతికిన ‘మద్రాసీ’ ఎలుకలు వెనకబడ్డాయి. అప్పటికి మన కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే కాబట్టి ఆ పళ్లెం మనదీనూ. ఆ ప్రయోగశాల యాభైల చివర్లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. తార్నాకలో ఇవాళ జాతీయ పోషకాహార సంస్థ అని బోర్డు ఉన్నది దానికే. 1969 నుంచి ఆ పేరు.

దాన్ని నడిపిన డాక్టర్ కొలుత్తూర్ గోపాలన్‌ను ప్రతి తల్లీ తలుచుకోవాలి. ఆ రోజుల్లో ప్రపంచమంతా ఒకటే మాట: పేద పిల్లలకు ప్రోటీన్ చాలడం లేదు, ప్రోటీన్ పొడులు తయారుచేసి పంచాలి అని. కొందరు పిల్లలు ఎండి ఎముకలగూడు అవుతారు. కొందరికి కాళ్లు, మొహం ఉబ్బి, జుట్టు రాగిరంగుకు తిరిగి, చర్మం పొరలుగా లేస్తుంది. ఈ రెండోది ప్రోటీన్ లోపమని, మొదటిది తిండి లోపమని అనుకునేవారు. గోపాలన్ బృందం ఈ రెండు రకాల పిల్లలూ ఇళ్లలో ఏం తింటున్నారో విచారించి చూస్తే ఇద్దరి తిండీ ఒకటే. అన్నం పప్పు తినే పిల్లలకు అసలు లోటు మొత్తం తిండిలోనే ఉందని, అదే తిండి కడుపునిండా తింటే చాలావరకు ప్రోటీన్ కూడా సరిపోతుందని ఆయన అరవైల్లోనే వాదించారు. ప్రపంచం ఒప్పుకోవడానికి ఇంకొన్నేళ్లు పట్టింది.

పేదింటి తల్లికి ఇంతకంటే మంచి కబురు ఏముంటుంది? డబ్బా కొనక్కర్లేదు. ఇంట్లో ఉన్నదే ఇంకో రెండు సార్లు పెడితే చాలు. ఉబ్బు వచ్చిన పిల్లను చూసి ‘ఒళ్లు చేసింది’ అని మురిసిన ఇళ్లు నాకు తెలుసు. ఉబ్బు అని గుర్తుపట్టిన ఇళ్లలో వెంటనే పథ్యం పెట్టేవాళ్లు. తిండి లేక వచ్చిన జబ్బుకు తిండి మానిపించేవాళ్లు!

తార్నాక నుంచి వచ్చిన ‘హైదరాబాద్ మిక్స్’ను మేం ఊరూరా చేసి చూపించాం. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. ఇదే ఒక బిడ్డకు 330 క్యాలరీలు, 11 గ్రాములకు పైగా ప్రోటీన్ ఇస్తుంది. తూకాలు ఎవరికి గుర్తుంటాయి, అందుకని గిద్దెల్లో, పిడికిళ్లలో చెప్పేవాళ్లం. పల్లీల పొట్టు చేటలో ఊదుతున్నప్పుడే ఆడవాళ్లు చుట్టూ చేరేవారు. ఉపన్యాసానికి రానివాళ్లు కూడా వేయింపు వాసనకు వచ్చేవాళ్లు.

అంతకంటే వాళ్లను ఆకట్టుకున్నది రాగిపిండి. రాగులు రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలక వచ్చాక ఆరబెట్టి, సన్నసెగ మీద కొంచెం దోర చేసి విసిరితే వచ్చే పిండి అది. గరిటె నిలబడేంత చిక్కగా జావ కాచి, గోరువెచ్చగా అయ్యాక ఆ పిండి ఒక్క చెంచా వేసి కలిపేదాన్ని. చూస్తుండగానే, రెండు మూడు నిమిషాల్లో, ముద్దగా ఉన్నది గిన్నె వంచితే జారేంత పల్చబడుతుంది. నీళ్లు చుక్క పొయ్యలేదు. మొలకలో పుట్టే ఎంజైమ్ పిండిపదార్థాన్ని విడగొడుతుంది, అంతే. ఆర్నెల్ల బిడ్డ పొట్ట చిన్నది. మింగడానికి వీలుగా ఉండాలని మనం జావ పల్చన చేస్తే బిడ్డ కడుపు నీళ్లతో నిండుతుంది. చిక్కగా పెడితే ఉమ్మేస్తుంది. ఈ చిక్కు విప్పే పద్ధతి మీద బరోడాలో డాక్టర్ తారా గోపాల్‌దాస్ ఎనభైల్లో పనిచేశారు. మన పల్లెల్లో మొలకరాగుల పిండి ఎప్పటినుంచో ఉన్నదే. దాన్ని తిండి మొదలుపెట్టిన బిడ్డ గిన్నెలోకి తేవడమే మిగిలింది.

విరేచనాల విషయంలో పథ్యాన్ని మాన్పించడం అన్నింటికంటే కష్టమైంది. ఒక ఇంట్లో నాయనమ్మ నాతో అన్న మాట ఇంకా చెవుల్లో ఉంది. “పోసిన నీళ్లన్ని కిందికే పోతున్నయి గద బిడ్డా. పొయ్యకుంటెనే పారుడు ఆగుతది.” ఆమె మాటలో తర్కం లేకపోలేదు. నేను వాదించలేదు. పిల్లాడి పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలాను. ముడత సర్దుకోకుండా అట్లాగే నిలబడింది. ఆమె మనవరాలి పొట్ట మీద కూడా అట్లాగే పట్టి వదిలితే క్షణంలో సర్దుకుంది. “చూడవ్వా, లోపల నీళ్లు అయిపోయినయి” అన్నాను. తర్వాత ఆమె ఒళ్లోనే బిడ్డను పెట్టి, ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లూ చెంచా ఆమె చేతికే ఇచ్చాను. నిమిషానికో చెంచా, వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ. పొద్దు వాలేసరికి బిడ్డ మూత్రం పోశాడు. ఆ తర్వాత ఆ వాడలో ఆ ద్రావణం ఎట్లా కలపాలో నేను చెప్పనక్కర్లేకపోయింది, అవ్వే చెప్పింది.

ఆ చెంచా వెనక 1971 ఉంది. బంగ్లాదేశ్ యుద్ధంలో పారిపోయి వచ్చిన జనంతో బెంగాల్ సరిహద్దులో బన్‌గావ్ శిబిరాలు నిండిపోయాయి, కలరా పాకింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ గ్లూకోజ్, ఉప్పు, సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతికే గ్లాసులు ఇచ్చాడు. నూటికి ముప్పై దాకా పోతున్న ప్రాణాలు నాలుగు లోపుకు తగ్గాయి. కలరాలో కూడా పేగు చక్కెర తోడుంటే ఉప్పును, ఉప్పు వెంట నీటిని పీల్చుకుంటుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరకని రోజు మేం చెప్పిన కొలత అది. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం కాబట్టి చెంచా తలగొట్టడం చేతులతో చేసి చూపించేవాళ్లం. ఉప్పేసిన గంజీ మేలే. గంజి మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే కదా, పథ్యం పేరుతో దాన్నీ ఆపేశారు. ఇప్పుడు ప్యాకెట్‌తో పాటు 14 రోజులు జింక్ మాత్ర ఇస్తున్నారు. పాలూ అన్నమూ ఆపొద్దన్నది మాత్రం మారలేదు.

తట్టు గురించి రాయాలంటే నాకిప్పటికీ చెయ్యి ఆగుతుంది. అసలే ఎ విటమిన్ తక్కువగా ఉన్న బిడ్డకు తట్టు పోస్తే, ఉన్న కాస్తా కరిగిపోతుంది. అప్పుడే ఆకుకూర, గుడ్డు, నూనె మానిపిస్తే నల్లగుడ్డు మెత్తబడి పుండుపడి, కొన్ని రోజుల్లో చూపు పోవచ్చు. ముందు గుర్తులు తల్లికి తెలుసు: “సందెకాడ గోడ తడుముకుంట నడుస్తడు” అంటుంది. తెల్లగుడ్డు మీద సబ్బునురగ అంటినట్టు మచ్చ ఉంటుంది. 1970లో దేశమంతటా ఆరునెలలకోసారి ఎ విటమిన్ ద్రావణం ఇచ్చే కార్యక్రమం మొదలైందంటే దాని వెనక తార్నాక పరిశోధన ఉంది. డాక్టర్ వినోదినీ రెడ్డి లాంటివాళ్లు ఆ పనిలో ఏళ్లు గడిపారు. ఏడాది దాటిన బిడ్డకు రెండు లక్షల యూనిట్లు, ఏడాదిలోపు బిడ్డకు లక్ష. 1985లో తట్టు టీకా సార్వత్రిక టీకాల కార్యక్రమంలో చేరింది. నా ఉద్యోగం చివరి ఏళ్లలో అలాంటి కళ్లు నాకు కనపడలేదు.

అంగన్‌వాడీ పథకం 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. మా చేతికి వచ్చిన ఎదుగుదల కార్డు నైజీరియాలో డేవిడ్ మోర్లీ అనే పిల్లల డాక్టర్ పల్లె తల్లుల కోసం గీసిన దానికి వారసురాలు. దూలానికి తూకం తగిలించి, గుడ్డ ఉయ్యాల్లో బిడ్డను వేసి చూస్తే దిష్టి తగులుతుందని భయపడేవాళ్లు. బుగ్గన చుక్క పెట్టి, మీరే చూడండని ముల్లు చూపించేవాళ్లం. అక్షరం రాని తల్లులు ఆ గీతను చదవడం నేర్చుకున్నారు. బరువు ఎంతన్నది ఒక్కటే చూడొద్దని, పోయిన నెలకంటే గీత పైకి పోయిందా లేదా అని చూడమని చెప్పేవాళ్లం. గీత ఒక నెల పడుకుంటే ఏం తింటున్నాడని అడగాలి, రెండు నెలలు పడుకుంటే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పాత పద్ధతులన్నీ చెడ్డవని నేను ఎన్నడూ అనలేదు, అననివ్వలేదు. నూనె రుద్ది, నలుగుపెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టి చేయించే స్నానం మంచిదే. ఆరోనెల అన్నప్రాసన ఇవాళ్టి వైద్యం చెప్పే వయసుకు దాదాపుగా అతికింది. రెండేళ్లు తల్లిపాలు పట్టడం మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పలేదు. అదే ఇంట్లో ముర్రుపాలు పిండి పారబోసి, మూడు రోజులు చక్కెరనీళ్లు పోశారు. దగ్గు రాదని వీధిలోకొచ్చిన గాడిదపాలు కొని పట్టారు, పొట్ట ఉబ్బితే వాతలు పెట్టారు. దేన్ని ఉంచాలో దేన్ని మానాలో ఒక్కొక్కటిగా విడదీసి చెప్పాల్సిందే. మొత్తం కొట్టిపారేస్తే ముసలమ్మ తలుపేసుకుంటుంది.

ఎదిగే ఆడపిల్లల దగ్గర ఈ కథ ఇంకోలా నడిచింది. పెద్దమనిషి అయిన పిల్లకు నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి పెడతారు, కొబ్బరి పెడతారు, మేనమామలు పళ్లు తెస్తారు. ఆ పదిరోజులు ఆమె తిన్నట్టు ఆ ఇంట్లో ఎవరూ తినరు. పదకొండో రోజు నుంచి అందరూ తిన్నాక మిగిలింది తింటుంది. ఆ చిమ్మిలి ఏడాదంతా పెట్టమని తల్లులను బతిమాలేదాన్ని. బళ్లలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రలు చాలా తర్వాత వచ్చాయి. అన్నం తిన్నాక వేసుకోవాలి, టీతో వేసుకోకూడదు, నిమ్మకాయో ఉసిరికాయో ఉంటే మేలు. మగపిల్లలకు కూడా అవసరమే అంటే తండ్రులు నమ్మరు.

ఇక బాలింత. ఇక్కడ పథ్యం ఇంకా ఓడిపోలేదు. ఈమధ్య నేను వెళ్లిన ఒక ఇంట్లో, నెల బిడ్డ ఉన్న, డిగ్రీ చదివిన తల్లికి పొద్దుట కారప్పొడి అన్నం, సాయంత్రం ఇడ్లీ, రోజంతా కలిపి ఒక చెంబు నీళ్లు. కూరగాయలు తింటే బిడ్డకు చలువ చేస్తుందట, నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందట. కారప్పొడిలోని వెల్లుల్లి, నువ్వులు ఉండనివ్వండి, వాటితో పేచీ లేదు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలుకంటే రోజుకు దాదాపు 600 క్యాలరీలు ఎక్కువ కావాలని అదే తార్నాక సంస్థ లెక్క. అంటే ఇంకో పూట భోజనం. పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు, దాహమైనప్పుడల్లా నీళ్లు. మనవణ్ణి ఎత్తుకుని మురిసే పెద్దవాళ్లు ముందు కోడలి కంచం వైపు చూడాలి.